మిద్దె మీది రేడియో సర్వర్: 20 మంది దాటంగనే గొంతు (శబ్దం) తెగుతుంది, ఏం చేద్దాం?

హన్మకొండ_మిద్దె · ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్తే. నిన్న, ఇయ్యాల మన సర్వర్ మీద కూర్చొని, అంతరిక్ష కేంద్రం పంపే చిత్రాలల్ల ఒక్క బొమ్మ కూడా సరిగ్గ దొరకనోళ్లందరికీ ముందుగాల నా క్షమాపణ.

తెలియనోళ్ల కోసం చెప్తున్న. హన్మకొండల మా ఇంటి మిద్దె మీద ఉపగ్రహాలను వినడానికి వాడే టర్న్‌స్టయిల్ యాంటెన్నా ఒకటి ఉంది. దాని కింద ఆర్టీఎల్-ఎస్డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీ రేడియో), దానికి రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలంత కంప్యూటర్, 'పై' అంటే ఇదే), అందుల ఓపెన్‌వెబ్‌ఆర్ఎక్స్ (రేడియోను బ్రౌజర్‌ల వినిపించే సాఫ్ట్‌వేర్). డాంగిల్‌ను 145 మెగాహెర్ట్జ్ దగ్గర నిలబెట్టి సెకనుకు 2.4 మెగా శాంపిళ్లు (24 లక్షల సిగ్నల్ కొలతలు) తీసుకుంటున్న కాబట్టి 144 నుంచి 146 దాకా మన దేశంల హామ్‌లకు (లైసెన్సు ఉన్న అభిరుచి రేడియోవాళ్లకు) ఇచ్చిన రెండు మీటర్ల బ్యాండ్ మొత్తం అందుల పడుతది. ఎవరైనా బ్రౌజర్‌ల తెరిచి వినొచ్చు. ముందుముందు షార్ట్‌వేవ్, మీడియం వేవ్ కూడా పెట్టాలని ఉంది.

అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మీద ఎస్ఎస్‌టీవీ పద్ధతిల (బొమ్మను శబ్దంగ మార్చి) చిత్రాలు పంపుతున్నరని తెలిసి, రెండు కాలేజీల పిల్లలకు లింకు ఇచ్చిన. గరిష్ఠం 20 మంది అని ఉన్నదాన్ని 60 చేసిన. గదే నా తప్పు. పది పదిహేను మంది ఉన్నంతసేపు బాగనే నడిచింది. 20 దాటినంక గొంతు తెగుడు మొదలైంది. ఒక్కో చిత్రం రావడానికి దగ్గర దగ్గర రెండు నిమిషాలు పడుతది, మధ్యల అర సెకను శబ్దం పోతే అక్కడి నుంచి బొమ్మ మొత్తం పక్కకు జరుగుతది. అందరికీ అట్లనే ముక్కలు ముక్కలుగ వచ్చింది. ఒక అమ్మాయి వాళ్ల తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకొని ఎదురుచూసిందట. ఆ మెసేజ్ చదివినప్పటి నుంచి మనసు మనసుల లేదు.

ఇప్పుడున్న ఇంటర్నెట్ ప్లాన్ 50 ఎంబీపీఎస్. దాన్ని 200 చేద్దామనుకుంటున్న. సరిపోతదా? తెలిసినోళ్లు చెప్పండి.

గోదావరిఖని_ఫైబర్ · ఆదివారం, రాత్రి 10:52

అన్నా, పైసలు కట్టే ముందు ఒక్కసారి లెక్క చూద్దాం. నేను రోజూ చేసే పని ఇదే.

శబ్దం: సెకనుకు 12,000 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, అంటే 192 కేబీపీఎస్. ఏడీపీసీఎం అనే కుదింపు పెడితే నాలుగో వంతు, 48. వాటర్‌ఫాల్ (ఏ ఫ్రీక్వెన్సీ మీద సిగ్నల్ ఉందో చూపే కదిలే బొమ్మ): 4096 గళ్లు, సెకనుకు 9 వరుసలు, గడికి 8 బిట్లు. దాదాపు 295 కేబీపీఎస్. కుదిస్తే సగం, 147. రెండూ కలిపి మనిషికి 195 అనుకో. 60 మందికి 12 ఎంబీపీఎస్ కూడా కాదు. నీ 50ల నాలుగో వంతు. 200 చేసినా గొంతు అట్లనే తెగుతది.

ఇంకోటి చూడు, మనిషికి పోయే డేటాల మూడొంతులు వాటర్‌ఫాలే తింటుంది. పిల్లలు చూసేది ఫోన్‌ల. ఆ తెర వెడల్పుల 4096 గళ్లు యాడ చూపిస్తది? 1024 గళ్లు, సెకనుకు 5 వరుసలు చేస్తే 147 కాస్తా 20కి దిగుతది.

ఆ టైంల పై మీద టాప్ (ప్రాసెసర్ బరువు చూపే కమాండ్) ఏం చూపించిందో చెప్పు. అసలు సంగతి అక్కడ ఉంటది.

హన్మకొండ_మిద్దె · ఆదివారం, రాత్రి 11:05

స్క్రీన్‌షాట్ ఉంది తమ్మీ. నాలుగు కోర్లూ నిండిపోయినయి. ఉష్ణోగ్రత 84 డిగ్రీలు. లాగ్‌ల శాంపిళ్లు పోయినయని వరుసగ రాసి ఉంది.

కాజీపేట_సిగ్నల్ · సోమవారం, ఉదయం 5:40

డబ్బా ఎక్కడ పెట్టినవు బిడ్డా? 84 అంటే పై తనంతట తనే వేగం తగ్గించుకుంటది. 80 దాటంగనే మొదలుపెడతది. నేను రైల్వేల సిగ్నల్, టెలికాం పనిల 31 ఏండ్లు చేసిన. పట్టాల పక్కన లొకేషన్ బాక్స్ (సిగ్నల్ పరికరాల పెట్టె) తలుపు తీస్తే మే నెల మధ్యాహ్నం లోపలి గాలే మొహానికి కొట్టేది. రిలేలు తట్టుకునేవి, మీ చిప్పులు తట్టుకోవు.

హన్మకొండ_మిద్దె · సోమవారం, ఉదయం 7:15

సింటెక్స్ ట్యాంకు పక్కన, ఇనుప డబ్బాల సార్. పొద్దున పోయి మూత తీసి చూసిన. రాత్రంతా చల్లారినంక కూడా డాంగిల్ మీద వేలు పెట్టి మూడు లెక్కబెట్టలేకపోయిన. నడి మధ్యాహ్నం ఎట్లుంటదో ఇక ఊహించుకోండి. కోతులు కేబుల్ గుంజుతున్నయని ఇనుప డబ్బాల పెట్టి తాళం వేసిన. ఎండ సంగతి ఆలోచించలేదు.

ఇయ్యాలనే మెట్ల గదిలకు దించుతా. గోడకు రంధ్రం చేసి కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) లోపలికి తెస్తే సరిపోతది. 6 మీటర్ల కేబుల్ ఎక్కువ పడుతది, అంతే.

కరీంనగర్_కోడర్ · సోమవారం, ఉదయం 9:30

వేడి తగ్గిస్తే కొంత ఊపిరి ఆడుతుంది, 20 మంది 25 అవుతారేమో. కానీ రోగం అది కాదు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి. ఈ విషయం అర్థమైతే మిగతావన్నీ తేలికైపోతాయి.

మన కాకతీయ కాలువ గుర్తు తెచ్చుకోండి. శ్రీరాంసాగర్ నుంచి నీళ్లు ఒక్క పెద్ద కాలువలో వస్తాయి. ఊరి దగ్గర తూము, తూము నుంచి పిల్ల కాలువ, దాని నుంచి మడి. ఇప్పుడు మీ సర్వర్ ఏం చేస్తోందంటే, ప్రతి రైతుకూ పోచంపాడు నుంచే వేరే కాలువ తవ్వుతోంది. ఒక్కొక్క వినేవారి కోసం సెకనుకు 24 లక్షల శాంపిళ్లు మొత్తం తీసుకొని, వాటిని ఒక్కొక్కటిగా తిప్పి, వడకట్టి, చివరికి 12 వేలు మిగుల్చుకొని మిగతాది పారబోస్తోంది. ఇద్దరు వింటే ఈ పని రెండుసార్లు. అరవై మంది వింటే అరవైసార్లు. అందరూ వింటున్నది అదే 145.800 అయినా సరే!

దీన్ని తిరగేసి చేసే పద్ధతి ఉంది. పెద్ద పని ఒక్కసారే చేసి, మనిషిమనిషికీ చిన్న పని మాత్రమే మిగల్చాలి. 20 మిల్లీసెకన్ల శాంపిళ్లు తీసుకోండి, 48,000. వెనకటి వాటి నుంచి 12,000 కలపండి. 60,000 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) ఒక్కటి చేయండి. ఇది సెకనుకు 50 సార్లు, ఎంతమంది ఉన్నా ఇంతే. ఇప్పుడు బ్యాండ్ మొత్తం 40 హెర్ట్జ్ గళ్లుగా విడిపోయి మన ముందుంది. ఒకరికి 12 కిలోహెర్ట్జ్ ముక్క కావాలంటే 300 గళ్లు ఎత్తుకొని, వడపోత గుణకాలతో గుణించి, 300 పాయింట్ల విలోమ ఎఫ్ఎఫ్‌టీ (గళ్ల నుంచి మళ్లీ శాంపిళ్లు తెచ్చే లెక్క) చేస్తే చాలు. 60,000 ఎక్కడ, 300 ఎక్కడ? కొత్త మనిషి వస్తే సర్వర్ మీద పడే బరువు అంతే.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికా హామ్ ఫిల్ కార్న్ రాసిన కేఏ9క్యూ-రేడియో సరిగ్గా ఇట్లాగే నడుస్తుంది. ఒక్క పై 4 మీద ఒక వీహెచ్ఎఫ్ బ్యాండ్‌లోని నారోబ్యాండ్ ఎఫ్ఎం చానళ్లన్నీ (పాటల ఎఫ్ఎం కాదు), అంటే కొన్ని వందలు, ఒకేసారి విప్పొచ్చని (శబ్దంగా మార్చొచ్చని) ఆయన చెప్పారు. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయంలో పీటర్-టియెర్క్ డి బూర్ నడిపే వెబ్‌ఎస్డీఆర్ మీద వందల మంది ఒకేసారి ఎవరికిష్టమైన స్టేషన్ వాళ్లు వింటుంటారు. డ్వింగెలోలోని 25 మీటర్ల రేడియో టెలిస్కోపును చంద్రుడి మీద సిగ్నల్ కొట్టి వినే హామ్‌లకు ఇంటర్నెట్ ద్వారా అందించాలన్న ఆలోచనతో మొదలైన పని అది. ఒక్క యాంటెన్నా, ఎన్నో చెవులు. మొదటి నుంచీ లక్ష్యం అదే కాబట్టి కట్టడం కూడా అట్లా కట్టారు.

ఓపెన్‌వెబ్‌ఆర్ఎక్స్‌ను తక్కువ చేసి మాట్లాడట్లేదు. నలుగురైదుగురికి అంత సులువైనది ఇంకోటి లేదు. అరవై మందికి దాన్ని నిలబెట్టడం మనం చేసిన పొరపాటు.

ఈసీఈ_మూడో_ఏడు · సోమవారం, ఉదయం 10:10

అక్కా, ఇంత స్పష్టంగ ఎవ్వరూ చెప్పలేదు. మాకు ఓవర్‌ల్యాప్-సేవ్ (ఇట్ల ముక్కలు కలిపి ఎఫ్ఎఫ్‌టీ చేసే పద్ధతి) డీఎస్పీ (సిగ్నల్ ప్రాసెసింగ్) సిలబస్‌ల ఉంది. పరీక్షల రెండుసార్లు రాసిన, దేనికి పనికొస్తదో ఇయ్యాల తెలిసింది. మొన్న బొమ్మ రాక తమ్ముడితోని కూర్చున్నది నేనే. మిద్దె అన్నా, మీరు బాధపడకండి. ఆ సగం బొమ్మను వాడు ఫోన్‌ల వాల్‌పేపర్ పెట్టుకున్నడు.

దీన్ని నేను రాయొచ్చా? కేఏ9క్యూ ఉందని తెలుసు, కానీ నా చేత్తో రాస్తే నాకు పూర్తిగ వస్తది.

కరీంనగర్_కోడర్ · సోమవారం, ఉదయం 10:25

రాయి తల్లీ, తప్పకుండా రాయి. ఎక్కడైనా ఆగితే ఇక్కడే అడుగు, నలుగురికీ పనికొస్తుంది.

గోదావరిఖని_ఫైబర్ · సోమవారం, మధ్యాహ్నం 1:40

అక్క చెప్పింది వేరే వేరే ఫ్రీక్వెన్సీలు వినేవాళ్ల సంగతి. నిన్న అందరూ ఒక్క ఫ్రీక్వెన్సీ మీదనే ఉన్నరు కద. దానికి 300 పాయింట్ల పని కూడా అరవైసార్లు అక్కర్లేదు. ఒక్కసారి విప్పి, ఆ శబ్దాన్ని ఐస్‌కాస్ట్‌కు (శబ్దాన్ని పదిమందికి పంచే సర్వర్ సాఫ్ట్‌వేర్) పంపితే అయిపాయె. ఇంకా మంచి సంగతేందంటే, ఐస్‌కాస్ట్‌ను ఇంట్ల పెట్టకుండ ముంబైల ఒక చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకొని అందుల పెట్టు. ఇంటి నుంచి పోయేది ఒక్క ప్రవాహం. వినేటోళ్లు పది మందైనా వెయ్యి మందైనా ఇంటి అప్‌లోడ్ పెరగదు, పంచుడంతా వీపీఎస్ చూసుకుంటది.

శబ్దం ఆరేడు సెకన్లు ఆలస్యంగ వస్తది. బొమ్మకు దాంతోని నష్టం లేదు. కానీ బిట్‌రేట్ మరీ కిందికి దించకు. ఓపస్ అయినా ఎంపీ3 అయినా మనిషి చెవి కోసం తయారైన తెలివిని ఎస్ఎస్‌టీవీ మీద చూపిస్తది, సన్న గీతలు అలుక్కుపోతయి. కుదించని వేవ్ ఫైలు ఒకటి సర్వర్‌ల దాచి, పాస్ (అంతరిక్ష కేంద్రం మన మీదుగ పోవుడు) అయినంక లింకు పెడితే ఎవరికి వాళ్లు మళ్లీ విప్పుకోవచ్చు.

వీపీఎస్ ఎట్లైనా కావాలె. నీ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగ చేరే చిరునామా) ఉందా?

హన్మకొండ_మిద్దె · సోమవారం, మధ్యాహ్నం 2:05

లేదు. సీజీన్యాట్ (కంపెనీ ఒకే ఐపీని పలువురికి పంచే పద్ధతి) వెనకనే ఉన్న. ఇప్పుడు టన్నెల్ మీదనే నడుస్తుంది.

గోదావరిఖని_ఫైబర్ · సోమవారం, మధ్యాహ్నం 2:11

అయితే వైర్‌గార్డ్ టన్నెల్ (భద్రమైన దారి) ఇంటి నుంచి వీపీఎస్‌కు, ముందు ఎన్‌జినెక్స్ (వచ్చినోళ్లను లోపలి సర్వర్‌కు పంపే వెబ్ సర్వర్). వెబ్‌సాకెట్ అప్‌గ్రేడ్ హెడర్లు మరిచిపోకు. ప్రాక్సీ రీడ్ టైమవుట్ మామూలుగ 60 సెకన్లు ఉంటది, పెంచు. ఫైల్ డిస్క్రిప్టర్ల పరిమితి (ఒకేసారి తెరిచే కనెక్షన్ల హద్దు) 1024 ఉంటే అది కూడా.

మంచిర్యాల_మీడియంవేవ్ · సోమవారం, రాత్రి 8:50

వాటర్‌ఫాల్ తగ్గించే మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

నేను 40 ఏండ్ల నుంచి మీడియం వేవ్ వింటున్నాను. చీకటి పడగానే హైదరాబాద్ 738, విజయవాడ 837 పక్కపక్కన ఎవరెవరు లేస్తున్నారో చూడటమే నా పని. మన దగ్గర స్టేషన్ల మధ్య 9 కిలోహెర్ట్జ్ దూరం. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు దేశాల స్టేషన్లు ఉంటే వాటి క్యారియర్లు (మోసే తరంగాలు) కొన్ని హెర్ట్జ్ తేడాతో రెండు సన్న గీతలుగా కనబడతాయి. ఆ గీత చూశాకే చెవి పెడతాను. గళ్లు బాగా సన్నగా లేకపోతే ఆ గీతలు కలిసిపోతాయి, మీరేమో ఉన్న గళ్లనే నాలుగో వంతుకు కోస్తామంటున్నారు. రేపు షార్ట్‌వేవ్, మీడియం వేవ్ కూడా పెడతానని మిద్దె గారు అన్నారు కనుక ముందే చెబుతున్నాను. నాలాంటి వాళ్లకు వాటర్‌ఫాల్ అలంకారం కాదండీ, అదే కన్ను.

కివీఎస్డీఆర్ (నెట్‌లో వినిపించే రెడీమేడ్ రిసీవర్) ఒకటి కొనండి. 14 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్పు), 30 మెగాహెర్ట్జ్ దాకా ఒకేసారి పడుతుంది.

కరీంనగర్_కోడర్ · సోమవారం, రాత్రి 9:20

మీరన్నది నిజం సార్, ఆ మాట మేం ఆలోచించలేదు. అందరికీ ఒకే కొలత పెట్టడమే తప్పు. తెరవగానే చిన్నది ఇద్దాం. దగ్గరికి లాగి చూడాలనుకున్నవాళ్లకు ఆ ముక్కకు మాత్రమే సన్నని గళ్లు లెక్కకట్టి పంపుదాం. బ్యాండ్ మొత్తాన్ని సన్నగా చూడాల్సిన అవసరం మీకూ ఉండదు కదా, 738 చుట్టూ ఒక కిలోహెర్ట్జ్ చాలు. బైట్లు అంతే పడతాయి, చూపు వెయ్యి రెట్లకు పైగా పదునుగా ఉంటుంది.

కివీ మంచి పరికరమే. కానీ దానికి మామూలుగా నాలుగు చానళ్లు, అంటే నలుగురు. ఎనిమిది చేసుకోవచ్చు, అప్పుడు వాటర్‌ఫాల్ ఇద్దరికే. పని ఎఫ్‌పీజీఏలో (ప్రత్యేక చిప్పులో) జరుగుతుంది కాబట్టి ఆ నలుగురికీ చాలా శుభ్రంగా ఇస్తుంది. ఐదో మనిషికి చోటు లేదు. మీలాంటి నలుగురు డీఎక్సర్లకు (దూరపు స్టేషన్లు వెతికి వినేవాళ్లకు) అది సరిగ్గా సరిపోతుంది, కాలేజీకి సరిపోదు.

మంచిర్యాల_మీడియంవేవ్ · సోమవారం, రాత్రి 9:31

ముక్కకు మాత్రమే సన్న గళ్లు. ఈ ఏర్పాటు నాకు పూర్తిగా సమ్మతం.

కాజీపేట_సిగ్నల్ · మంగళవారం, ఉదయం 5:30

షార్ట్‌వేవ్ పెట్టే ముందు ఒక మాట. హన్మకొండ నడి ఊర్ల, 25 కిలోవోల్టుల రైలు తీగకు అంత దగ్గర్ల, ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు. 7 మెగాహెర్ట్జ్ మీద నాకు కాజీపేటల ఎస్ 8 (సిగ్నల్ బలం కొలత) దాకా గోలే ఉంటది. ఆ గోలను వంద మందికి పంచితే వంద మంది గోలే వింటరు. సర్వర్ పెంచుడు ఎంత ముఖ్యమో యాంటెన్నాకు మంచి జాగ చూసుడు అంతకన్న ముఖ్యం. హసన్‌పర్తి అవతల పొలాల్ల ఎవరిదన్న బావి కాడ ఇల్లుంటే చూడండి.

ఇంకోటి, ఇది కచ్చితంగ పాటించాలె. డాంగిల్ మధ్య ఫ్రీక్వెన్సీ మార్చే హక్కు వినేటోళ్లకు ఇయ్యొద్దు. ఒకరు మారిస్తే వింటున్న అందరిదీ మారిపోతది. ఒక డాంగిల్‌కు ఒక బ్యాండ్, తాళం వేసినట్టే. పెట్టేవి కూడా ఆకాశవాణి, హామ్ బ్యాండ్లు, ఉపగ్రహాలు మాత్రమే. పోలీసులది, విమానాలది మన సర్వర్ మీద ఉండొద్దు. పదిమందికి తెరిచిపెట్టినప్పుడు ఆ బాధ్యత తెరిచినోడిదే.

హన్మకొండ_మిద్దె · మంగళవారం, ఉదయం 8:00

తప్పకుండ సార్. రెండో డాంగిల్‌ను ఆకాశవాణి వరంగల్ 103.5కే పెట్టాలనుకుంటున్న. పరాయి దేశంల ఉన్న మనోళ్లు ఊరి గొంతు వినాలని అడుగుతున్నరు.

ఈసీఈ_మూడో_ఏడు · శనివారం, రాత్రి 11:45

రాసిన! నడుస్తుంది! మా హాస్టల్ల ఒక పాత డెస్క్‌టాప్ మీద పెట్టి, మిద్దె అన్న రికార్డ్ చేసి పంపిన ఫైలును తినిపించి, 200 మంది ఉత్తుత్తి వినేటోళ్లను కలిపిన. ప్రాసెసర్ సగం కూడా నిండలేదు.

కానీ ఒక కష్టం వచ్చింది. శబ్దం వెనక "గుర్ర్" అని ఒక మోత. స్పెక్ట్రమ్‌ల చూస్తే సరిగ్గ 50 హెర్ట్జ్, దాని గుణిజాలు. కరెంటు హమ్ అనుకొని డెస్క్‌టాప్ ఎర్తింగ్ చూసిన, అడాప్టర్ మార్చిన. పోలేదు. మిద్దె అన్న దగ్గర రికార్డ్ చేసినప్పుడే పడ్డదా?

కాజీపేట_సిగ్నల్ · ఆదివారం, ఉదయం 5:50

50 అంటే కరెంటే బిడ్డా. డాంగిల్ కేబుల్‌కు ఫెర్రైట్ కోర్ (గోల ఆపే ఉంగరం) వేసి మళ్లీ రికార్డ్ చేయమను. మెట్ల గది పక్కన మోటారు స్టార్టర్ ఉందా?

హన్మకొండ_మిద్దె · ఆదివారం, ఉదయం 9:10

ఉంది సార్. స్టార్టర్ బంద్ చేసి, ఫెర్రైట్ వేసి, ఇన్వర్టర్ కూడా తీసేసి బ్యాటరీ మీద రికార్డ్ చేసి పంపిన.

ఈసీఈ_మూడో_ఏడు · ఆదివారం, మధ్యాహ్నం 12:30

మోత అట్లనే ఉంది. కానీ ఇప్పుడు ఒక వింత కనబడ్డది. ట్యూనింగ్ కొంచెం కొంచెం జరుపుతుంటే ఒక్కో చోట మోత పూర్తిగ మాయమైతుంది. 145.800 మీద లేదు. 40 హెర్ట్జ్ పక్కకు పోతే వస్తుంది. 80, 120, 160 దగ్గర ఉంది. 200 దగ్గర మళ్లీ లేదు!

కరీంనగర్_కోడర్ · ఆదివారం, మధ్యాహ్నం 12:48

ఆగు ఆగు. దొరికింది. ఇది కరెంటు కాదు. కరెంటు హమ్‌కు నువ్వు ఎక్కడ ట్యూన్ చేశావో ఏం తెలుసు?

నీ ముక్కలు 20 మిల్లీసెకన్లవి. సెకనుకు ఎన్ని? 50. ఆ మోత ముక్కకూ ముక్కకూ మధ్య అతుకుది. మన దేశంలో కరెంటు కూడా 50 కావడంతో అందరం మోసపోయాం.

ఎందుకొస్తుందో చూడు. నువ్వు గళ్లు ఎత్తుకొని సున్నా దగ్గరికి జరుపుతున్నావు. జరపడమంటే ఒక తరంగంతో గుణించడమే, ఆ తరంగం ప్రతి ముక్కలోనూ మొదటి నుంచి మొదలవుతోంది. కొత్త ముక్క 48,000 శాంపిళ్ల తర్వాత వస్తుంది, ఎఫ్ఎఫ్‌టీ పొడవు 60,000. అంటే అయిదింట నాలుగు వంతులు. గడి సంఖ్య అయిదుతో భాగించబడితే ఆ తరంగం సరిగ్గా పూర్తి చుట్లు తిరిగి వచ్చి కలుస్తుంది, అతుకు కనబడదు. లేకపోతే ప్రతి ముక్కకూ 72 డిగ్రీలో, 144 డిగ్రీలో ఫేజ్ (తరంగం తన చుట్టులో ఉన్న స్థానం) గెంతుతుంది. ఎఫ్ఎం విప్పేది ఫేజ్ మార్పునే కాబట్టి ఆ గెంతు టిక్కుమని వినబడుతుంది. సెకనుకు 50 టిక్కులు, అదే నీ గుర్ర్. 5 గళ్లు 40 చొప్పున 200 హెర్ట్జ్. నువ్వు చూసింది అదే!

మందు చిన్నదే. ముక్క సంఖ్యను గుర్తుంచుకొని, ప్రతి ముక్కనూ గడి సంఖ్యను బట్టి ఆ ఫేజ్‌తో ఒక్కసారి వెనక్కి తిప్పు. ఒకే ఒక్క గుణకారం. 40 కంటే సన్నగా ట్యూన్ చేయాలంటే మిగిలిన కొద్ది హెర్ట్జ్‌ను 12 వేల శాంపిళ్ల దగ్గర తిప్పుకోవచ్చు, బరువుండదు.

ఈసీఈ_మూడో_ఏడు · ఆదివారం, మధ్యాహ్నం 1:20

రెండే లైన్లు అక్కా. మోత పోయింది. మెస్‌ల అన్నం తినకుండ కూర్చున్న, ఇప్పుడు పోతున్న.

కాజీపేట_సిగ్నల్ · ఆదివారం, మధ్యాహ్నం 2:00

శభాష్ బిడ్డా. 40, 80, 120 అని మెట్టుమెట్టుగ రాసి పెట్టినవు చూడు, అందుకే దొరికింది. లోపం పట్టేటోని మొదటి గుణం అదే. నేను స్టార్టర్ దగ్గరనే ఆగిపోయిన.

హన్మకొండ_మిద్దె · ఆదివారం, రాత్రి 9:30

ఇయ్యాల ఒక అనుభవం. డాంగిల్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై మెట్ల గదిల ఉంటది, చెల్లె రాసిన సర్వర్ కింద గదిల పీసీ మీద ఉంటది కద అని శాంపిళ్లను మల్టీకాస్ట్ (ఒకేసారి అందరికీ పంపుడు) చేసి వైఫై మీద వదిలిన. రెండు నిమిషాలకే ఇంట్ల టీవీ ఆగిపోయింది, అమ్మ ఫోన్ల వీడియో కాల్ తెగిపోయింది.

గోదావరిఖని_ఫైబర్ · ఆదివారం, రాత్రి 9:41

అన్నా, బంద్ చెయ్, వెంటనే బంద్ చెయ్! 24 లక్షల శాంపిళ్లు, ఒక్కోటి రెండు బైట్లు. 38.4 ఎంబీపీఎస్. వైఫై మీద మల్టీకాస్ట్ పోయేది రౌటర్ దగ్గరున్న అన్నిటికన్న తక్కువ వేగంల, అందరికీ అందాలని. తిరిగి అందిందన్న జవాబు కూడా ఉండదు. గాలి మొత్తం అదే ఆక్రమిస్తది.

మెట్ల గది నుంచి కింద గదికి ఈథర్‌నెట్ తీగ గుంజు. స్విచ్‌కు ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టుకే మల్టీకాస్ట్ పంపే గుణం) ఉన్నది తీసుకో, లేకపోతే అన్ని పోర్టులకూ వరద పారిస్తది. టీటీఎల్ (డేటా ఎంత దూరం పోవాలో చెప్పే అంకె) 1 దాటనియ్యకు, శాంపిళ్లు ఇల్లు దాటి పోవద్దు. పై 4కు గిగాబిట్ పోర్టు యూఎస్‌బీతోని పంచుకోకుండ వేరే ఉంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. అదే పాత పై 3 అయితే డాంగిల్, నెట్‌వర్క్ రెండూ ఒక్క యూఎస్‌బీ 2 మీదనే పోవాలె.

ఇంకా మంచిది: మల్టీకాస్ట్ ఎందుకు ఇప్పుడు? వినే యంత్రం ఒక్కటే ఉన్నప్పుడు నేరుగ దానికే పంపు. రెండో యంత్రం, మూడో యంత్రం వచ్చినప్పుడు మల్టీకాస్ట్ అక్కరకొస్తది. శాంపిళ్లు ఒక్కసారే పారుతయి, ఎన్ని యంత్రాలైనా తూము పెట్టుకోవచ్చు. అక్క చెప్పిన కాలువే.

కరీంనగర్_కోడర్ · సోమవారం, ఉదయం 9:00

ఒకటి నేను కూడా చేర్చాలి. చెల్లె కోడ్ చదివాను. నెమ్మది ఫోన్ ఒకటి వస్తే దానికి పంపాల్సిన డేటా వరస పెరుగుతూ పోతోంది. టూజీకి పడిపోయిన ఫోన్ ఒక్కటి చాలు, మెమరీ నిండి అందరి సర్వరూ పడిపోవడానికి. ఒక్కొక్కరి వరసకు హద్దు పెట్టు. నిండితే ముందు పాత వాటర్‌ఫాల్ వరుసలు పారెయ్, శబ్దాన్ని ముట్టుకోవద్దు. కన్ను ఒక రెప్ప వేస్తే ఏం కాదు, చెవికి తెగితే తెలిసిపోతుంది. అప్పటికీ చాలకపోతే ఆ ఒక్కరి కనెక్షన్ తెంపి మళ్లీ కలవమను.

ఈసీఈ_మూడో_ఏడు · గురువారం, రాత్రి 8:15

మూడూ చేసిన అక్కా. మధ్యాహ్నం పాస్‌కు పరీక్ష పెట్టినం. మిద్దె అన్న ఇంటి నుంచి ముంబైకి ఒక్క శబ్ద ప్రవాహం, అక్కడ ఐస్‌కాస్ట్. వేరే ఫ్రీక్వెన్సీలు వినాలనుకున్నోళ్లు నా సర్వర్ మీద. అక్కడ 43 మంది, ఇక్కడ 28 మంది. అంతరిక్ష కేంద్రం పైకి వస్తున్నప్పుడు డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారుడు) వల్ల 3 కిలోహెర్ట్జ్ పైన వినబడుతది కద, దాన్ని సర్వరే దిద్దుకుంటూ వచ్చింది. పది నిమిషాల పాస్‌ల గొంతు ఒక్కసారి కూడా తెగలేదు. రాస్ప్‌బెర్రీ పై ఉష్ణోగ్రత 61.

చిత్రాలు పంపే రోజులు మళ్లెప్పుడొస్తయో తెల్వదు. ఈసారి మాత్రం మేం సిద్ధంగ ఉన్నం.

మంచిర్యాల_మీడియంవేవ్ · గురువారం, రాత్రి 9:00

నా ముక్క వాటర్‌ఫాల్ కూడా చూశాను. 144 దగ్గర ఎవరిదో బీకన్ (ఆగకుండా పంపే గుర్తు సిగ్నల్) సన్న గీతగా నిలబడింది. మీడియం వేవ్ ఎప్పుడు వస్తుంది?

హన్మకొండ_మిద్దె · గురువారం, రాత్రి 9:25

సార్, హసన్‌పర్తి దగ్గర మా మేనమామ బావి కాడ కొట్టం ఉంది. కరెంటు పగటి పూట సరిగ్గ ఉండదు కానీ చుట్టూ ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి లేదు. చిన్న రేడియో పట్టుకొని పోయి 738 పెట్టి చూసిన, వెనక గోల లేకుండ హైదరాబాద్ వచ్చింది. అక్కడ లూప్ యాంటెన్నా, అప్‌కన్వర్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను పైకి జరిపే పరికరం) ఉన్న డాంగిల్, సోలార్ ప్యానెల్, 4జీ రౌటర్ పెడతా. ముక్కలు అక్కడనే కోసి పంపాలె, పచ్చి శాంపిళ్లు 4జీ మీద పోవు.

కాజీపేట_సిగ్నల్ · గురువారం, రాత్రి 9:40

సోలార్ చార్జ్ కంట్రోలర్ చూసుకొని కొను. చౌక రకం అయితే ఎల్‌ఈడీ బల్బులకన్న ఎక్కువ గోల చేస్తది. నా దగ్గర పాతది ఒకటుంది, స్విచింగ్ లేనిది. గోల చేయదు. ఆదివారం పొద్దున 6 గంటలకు కాజీపేట దర్గా దారిల కలువు, ఇస్తా. లూప్‌కు రాగి తీగ కూడా ఉంది, 12 మీటర్లు ఉంటది.

ఈసీఈ_మూడో_ఏడు · గురువారం, రాత్రి 9:52

నేను కూడా వస్త. తమ్ముడిని తీసుకురావొచ్చా సార్?

కాజీపేట_సిగ్నల్ · గురువారం, రాత్రి 9:55

తీస్కరా. తీగ చుట్టనీకి ఒక చెయ్యి కావాలె.